సిక్‌బే దాకా వెళ్లని దగ్గులు

అప్పలసూరి పెదకర్మ నాడు కూర్మన్నపాలెంలో వాళ్లింటి ముందు షామియానా వేసి భోజనాలు పెట్టారు. నా ఎదుటి బంతిలో కూర్చున్న ఒకాయన, పాత నేవీ మనిషే, అన్నంలో పులుసు కలుపుకుంటూ, "పోయినోణ్ని అనకూడదు గాని, ఈడు సాక్ష్యం సరిగ్గా ఇచ్చుంటే జోసెఫ్ పెన్షన్ ఎప్పుడో వచ్చీసును. ఈడిది ఈడు సూసుకున్నాడు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు తలూపారు. కాదని చెప్పబోయాను. నా గొంతు పక్క విస్తరి దాకా కూడా పోదు. వడ్డించేవాళ్ల కేకల్లో నా మాట ఎవరికీ చేరలేదు. నేనేదో అడుగుతున్నాననుకుని ఒక అమ్మాయి పరిగెత్తుకొచ్చి మజ్జిగ పోసింది.

అందుకని రాస్తున్నాను.

నా పేరు జోసెఫ్. మాది జ్ఞానాపురం. 1961లో నేవీలో చేరి, పదిహేనేళ్లు ఓడల బాయిలర్ గదుల్లో పనిచేసి, 1976లో బయటికొచ్చి పోర్టు వర్క్‌షాపులో కుదిరాను. 1982లో గొంతు కేన్సర్ వచ్చింది. బతికాను. ఆ జబ్బు నేవీలో చేసిన పని వల్ల వచ్చిందని తేలితే వైకల్య పెన్షన్ ఇస్తారు, తేలకపోతే ఇవ్వరు. దానికి పెట్టుకున్న దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది, మూడోసారి కొట్టేశారు. అందులో అప్పలసూరి తప్పు లేదు. తప్పెవరిదో నాకు తెలుసు. అది చెప్పడానికీ, అలాంటి దగ్గుతోనే ఇంకా తిరుగుతున్నవాళ్లకి పనికొస్తుందనీ ఈ నాలుగు మాటలు.

1982 వేసవిలో గొంతు బొంగురుపోయింది. అవి ఎక్కడ చూసినా మైకులూ మీటింగులూ మోగుతున్న రోజులు. వర్క్‌షాపులో కుర్రాళ్లు, "ఏటి గురువుగారూ, ఏ పార్టీకి ప్రచారం సేత్తన్నారేటి?" అని ఏడిపించేవారు. నేనూ నవ్వేవాణ్ని. మిరియాల పాలు తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. వానలు పడేసరికి మంచినీళ్లు మింగినా గాజుముక్క దిగినట్టు ఉండేది. నా భార్య రత్నం స్కూలు టీచరు. ఒకరోజు సెలవు పెట్టి, చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరు నా నాలుకని గుడ్డతో పట్టుకుని, చిన్న అద్దం లోపలికి పెట్టి చూశాడు. తర్వాత ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చిన రోజు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి రత్నాన్ని లోపలికి పిలిచారు. బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు తన చేతిసంచీ జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. "రోజూ రావాలంటండీ. కరెంటు పెడతారంట" అంది. మా వైపు రేడియేషన్‌ని అలాగే అంటారు. ఆ మాటతోనే నాకు జబ్బు పేరు తెలిసిపోయింది.

కరెంటు పెట్టేచోట మెడ మీద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. అవి చెరగకూడదు, మెడ మీద నీళ్లు పడకూడదు, గడ్డం గీసుకోకూడదు. ఆ గీతలతో బస్సెక్కితే జనం పక్కకి జరిగేవారు, అంటుకుంటుందేమోనని. ఒక కండక్టరు మాత్రం నన్ను చూడగానే ముందు సీట్లో వాణ్ని భుజం తట్టి లేపేవాడు. ఒక్కరోజు కూడా ఏమిటని అడగలేదు. అతని పేరు తెలుసుకోలేదు, ఇప్పుడు బాధగా ఉంటుంది.

లోపల నొప్పేమీ ఉండదు. మనల్ని బల్ల మీద పడుకోబెట్టి అందరూ బయటికి పోతారు, తలుపు మూస్తారు, మిషను గుర్రుమంటుంది. అంతే. నాకు భయమేసింది తలుపు మూసినప్పుడు. నొప్పి తర్వాత మొదలైంది. నోరు ఎండిపోయేది. అన్నం మెతుకు దిగేది కాదు. రత్నం గంజిలో మజ్జిగ కలిపి, చల్లార్చి, చెంచాతో పోసేది. మింగలేక ఒకసారి గిన్నె తోసేశాను. గంజి తన చీర మీద పడింది. ఆవిడ లోపలికెళ్లి చీర మార్చుకుని, మళ్లీ గంజి కలుపుకొచ్చింది. పిల్లలిద్దరూ ఆ రోజు నుంచి నేను తినే వేళకి వీధిలోకి పోయేవారు.

ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన రోజూ భీమిలి వైపు నుంచి వచ్చే ఒక ముసలమ్మ కూర్చునేది. ఆవిడకి అంగిట్లో పుండు. మా ప్రాంతంలో ఆడవాళ్లు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డచుట్ట అంటారు. దానివల్లే వచ్చిందని డాక్టర్లు చెప్పారట. ఒకరోజు తన కొబ్బరిబోండం సగం తాగి మిగతాది నాకిచ్చింది. నేను వద్దంటే, "తాగు నాయినా, మనిద్దరికీ ఒకటే రోగం, ఏటంటుకుంతాది?" అని నవ్వింది. తర్వాత, "నానంటే నిప్పు నోట్లో ఎట్టుకున్నాను, నాకొచ్చింది. నువ్వేటి ఎట్టుకున్నావు?" అంది.

సిగరెట్లు కాల్చేవాణ్నని చెప్పాను. నిజమే. ఓడలో అందరం కాల్చేవాళ్లం. కానీ ఆ మాట చెప్పి ఊరుకోలేకపోయాను. బల్ల మీద పడుకుని తలుపు మూసుకున్నాక నాకు కనపడింది సిగరెట్టు కాదు, తెల్లటి దుమ్ము.

బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి గొట్టాలకి వేడి పోకుండా ఆస్బెస్టాస్ పూత చుట్టి ఉంటుంది. గొట్టం రిపేరు చెయ్యాలంటే ఆ పూతని సుత్తితో కొట్టి ఊడగొట్టాలి. అది దూదిలా గదంతా లేస్తుంది. రిపేరయ్యాక కొత్త పొడిని బకెట్లో నీళ్లు పోసి, పిండి కలిపినట్టు చేత్తో కలిపి పూసేవాళ్లం. కుర్రాళ్లు ఆ ముద్దలు ఒకరిమీద ఒకరు విసురుకునేవారు. పైకొచ్చేసరికి అందరికీ కనుబొమలు తెల్లగా ఉండేవి, పగటివేషగాళ్లలా. అది విషమని మాకెవరికీ తెలీదు. దగ్గు వస్తుందని మాత్రం తెలుసు.

అప్పట్లో నేను ఆ గదికి పెట్టీ ఆఫీసర్ని, అంటే మేస్త్రీలాంటివాణ్ని. ఓడ మీద వైద్యం చేసే గదిని సిక్‌బే అంటారు. ఒంట్లో బాగోలేనివాడు పొద్దున్నే ముందు నాకు చెప్పాలి, నేను పంపితేనే వెళ్లాలి. వెళ్తే పేరు రికార్డుకెక్కుతుంది. మా బాయిలర్ గది నుంచి సిక్‌బేకి ఒక్కడూ పోడని నాకు పేరుండేది. పక్క గదులవాళ్లతో దాని మీద పందెంలా ఉండేది. ఎవడైనా దగ్గుతూ వస్తే వాడి చేతిలో బెల్లంముక్క పెట్టేవాణ్ని. దుమ్ములో పనిచేసేవాళ్లకి బెల్లం తినిపిస్తే దుమ్ము కిందికి దిగిపోతుందని మా నాన్న చెప్పేవాడు. ఆయన మిల్లులో పనిచేశాడు, అక్కడా ఇచ్చేవారు. సెలవుకి వచ్చినప్పుడల్లా అనకాపల్లి బెల్లం కొనిపించి, రత్నం చేత గుడ్డలో కట్టించుకుని ఓడకి పట్టుకుపోయేవాణ్ని. కుర్రాళ్లకి నేనంటే ఇష్టం. పని చేయించుకుంటూ మిఠాయి కూడా పెడతాడని.

నాకూ దగ్గుండేది. వాళ్లని ఆపి నేనెలా పోతాను? బెల్లమే తిన్నాను. నేవీ వదిలే ముందు డాక్టరు, "ఏదైనా కంప్లైంట్ ఉందా?" అంటే, "ఏమీ లేదు సార్" అన్నాను. అందరూ అలాగే అంటారు. ఉందంటే కాగితాలు ఆగిపోతాయి, బయట ఉద్యోగం పోతుంది.

1983 చివరికి కేన్సర్ తగ్గిందన్నారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. బాయిలర్ హోరు మీద కేకేసి నలభై అడుగుల అవతలవాణ్ని పిలిచిన గొంతు అది. ఇప్పుడు గుసగుస. వర్క్‌షాపులో ఫోర్‌మెన్‌గా ఉండేవాణ్ని, కేకెయ్యలేనివాడు ఫోర్‌మెన్ ఎలా అవుతాడు? స్టోర్సులో కూర్చోబెట్టారు. జీతం తగ్గింది. రత్నం సాయంత్రాలు ట్యూషన్లు మొదలుపెట్టింది. అప్పుడే ఎవరో చెప్పారు, ఆస్బెస్టాస్ వల్ల ఇలాంటి రోగాలు వస్తాయని విదేశాల్లో తేల్చారు, పెన్షన్‌కి పెట్టుకోమని.

మాజీ సైనికుల ఆఫీసులో రామ్మూర్తి గారని గుమాస్తా ఉండేవారు, ఆర్మీలో చేసి వచ్చినాయన. ఆయనే దగ్గరుండి రాయించారు. 1984లో అది వెనక్కి వచ్చింది. నా ముఖం చూసి, "తిరిగొచ్చిందంటే కొట్టేసినట్టు కాదు జోసెఫ్ గారూ. ఇంకా ఆధారం కావాలంటన్నారు, అంతే" అన్నారు. ఏ ఓడలో, ఏ పని, ఎన్నాళ్లు అని అడిగారు. పంపాం. మళ్లీ వెనక్కి వచ్చింది. ఈసారి అడిగింది సూటిగా ఉంది. సర్వీసులో ఉండగా దగ్గుకి గానీ గొంతుకి గానీ ఎప్పుడైనా సిక్ రిపోర్టు చేశారా? చేస్తే రికార్డు ఏది? లేదంటే తోటి పనివాళ్ల సాక్ష్యం పంపండి.

రామ్మూర్తి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సిక్‌బేకి వెళ్లాం, వాళ్లే మందిచ్చి పుస్తకంలో ఎక్కించకుండా పంపేశారని రాయండి. ఆ ఓడ ముక్కలైపోయి ఎన్నాళ్లయింది! ఎవడు చూడొచ్చాడు? మీతో పనిచేసినవాడొకడు సంతకం పెడితే చాలు."

ఆయన చెడ్డమనిషి కాదు. పని జరగాలని చెప్పారు. నాకూ అది పెద్ద అబద్ధంలా అనిపించలేదు. ఇంగ్లీషులో టైపు కొట్టించుకుని, 1985లో ఒక ఆదివారం కూర్మన్నపాలెం బస్సెక్కాను.

అప్పలసూరి నా కింద బాయిలర్ గదిలో ఏడేళ్లు పనిచేశాడు. సబ్బవరం దగ్గర పల్లెటూరి రైతుబిడ్డ. నాకంటే రెండేళ్లు చిన్న. నేవీ వదిలాక స్టీల్ ప్లాంటు కట్టేచోట ఒక కాంట్రాక్టరు దగ్గర పైపు ఫిట్టరుగా కుదిరి జంక్షన్ దగ్గరే ఇల్లు తీసుకున్నాడు. నేను వెళ్లేసరికి టీకొట్టు ముందు బల్ల మీద ఉన్నాడు. లారీలు లేపే ఎర్రదుమ్ము అతని జుట్టంతా ఉంది.

"ఓర్నాయనో, జోజి బావ! ఏటి బావా, ఇంత సిక్కిపోయినావు?" అని లేచి నన్ను పట్టుకున్నాడు. నేను మాట్లాడేసరికి అతని నవ్వు ఆగిపోయింది. "నీ గొంతేది బావా?" అన్నాడు.

చెప్పాను. టీ తెప్పించాడు, నాది చల్లార్చి ఇమ్మని కొట్టువాడికి చెప్పాడు. కాగితం తీసి అతని చెవి దగ్గర తెలుగులో చదివాను. వింటూ విస్తుపోయి చూశాడు.

"సిక్‌బేవోళ్లు పంపీసారా? కుట్టన్ గారా?" కుట్టన్ గారు మా సిక్‌బేలో మందులిచ్చే మలయాళీ. "ఆయన మొకం నానెప్పుడు సూసినాను బావా, ఆయన పంపీడానికి? నన్ను పంపీసింది నువ్వు."

కోపంగా అనలేదు. టీ ఊదుకుంటూ అన్నాడు. "బెల్లంముక్క సేతిలో ఎట్టి, పోయి పని సూసుకోరా అన్నావు. మంచి బెల్లమేలే."

"సూరీ, ఇలా రాస్తేనే పనవుతుందంట."

"అవితే అవనీ. ఆ కుట్టన్ గారు ఏ ఊర్లోనో ముసిలోడైపోయుంటాడు. నువ్వు సేసింది ఆయన నెత్తినెట్టడానికి నాను సంతకం ఎట్టను. ఉన్నదున్నట్టు రాసి తే. రెండు సేతులా ఎడతాను."

"ఉన్నదున్నట్టు రాస్తే నాకు రాదు."

"అది నువ్వు సూసుకోవాల." ఇంకేదో అనబోయి దగ్గాడు. పొడి దగ్గు, ఒకటి వెంట ఒకటి, బల్ల అంచు పట్టుకుని. ఆ దగ్గు నాకు తెలుసు. పదిహేనేళ్ల కిందట, అచ్చం అలాగే వంగి, నా ముందు నిలబడి దగ్గాడు. "ఆసుపత్రికెళ్లు" అన్నాను. "ఎల్తానులే. ఇప్పుడు ఎవులూ ఆపీవోళ్లు నేరు గదా" అన్నాడు. నవ్వాడు కూడా. నాకే నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి రత్నానికి చెప్పాను. అప్పటిదాకా ఆవిడకి తెలీదు. బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి, "ఆ బెల్లం నా చేత్తో కదండీ కట్టించారు!" అంది. "కుర్రాళ్లకి పెడతానంటే, ఎంత మంచోరో మా ఆయన అనుకున్నాను." ఆ వారమంతా గంజి అందించేది, పక్కకి చూసేది. ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తుంటే తనే అంది: "పిల్లల చదువుకి ఎలాగో నేను తిప్పలు పడతాను. మీకు గొంతు పోయింది గాని చెయ్యి బాగానే ఉంది కదా. రాయండి."

రాశాను. బాయిలర్ గదిలో దుమ్ము ఎలా ఉండేదో, ఎవరెవరు దగ్గేవారో, వాళ్లు సిక్‌బేకి పోతామంటే పెట్టీ ఆఫీసర్‌గా నేనే ఆపానని, నేనూ పోలేదని. అప్పలసూరి అన్నమాట ప్రకారం సంతకం పెట్టాడు. రామ్మూర్తి గారు చదివి తల పట్టుకున్నారు. "ఇది మీకు సాక్ష్యం కాదండీ బాబూ, మీ మీద సాక్ష్యం!" అయినా కవరు అంటించి పంపారు.

1986లో మెడికల్ బోర్డుకి పిలిచారు. అక్కడి డాక్టరు మర్యాదస్తుడు, నా మాట వినడానికి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మిమ్మల్నెవరైనా ఆపారా అని అడిగాడు. లేదు సార్ అన్నాను. సిగరెట్లు? కాల్చాను సార్. కొన్ని నెలలకి జవాబొచ్చింది. ధూమపానం అలవాటు ఉంది, సర్వీసులో జబ్బు సంగతి తనంతట తనే చెప్పలేదు, సర్వీసుతో సంబంధం తేలలేదు. ఒకందుకు వాళ్లనీ తప్పుపట్టలేను. పొగ వల్లనో దుమ్ము వల్లనో నాకే తెలీదు. చూసి చెప్పగలిగే రికార్డు లేకుండా చేసుకున్నది నేను.

ఆ ఏడాదే అప్పలసూరికి రొమ్ములో నీరు పట్టింది. తీసి పరీక్ష చేస్తే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకి కేన్సర్ అన్నారు. జీవితంలో చుట్టగానీ సిగరెట్టుగానీ ముట్టని మనిషి. నాకు తగ్గింది, అతనికి తగ్గేది కాదని మొదటే చెప్పేశారు. ఈసారి నేనే అతన్ని వెంటబెట్టుకుని రామ్మూర్తి గారి దగ్గరికి వెళ్లాను. అతని దరఖాస్తు కూడా ఒకసారి వెనక్కి వచ్చింది, అదే ప్రశ్నతో. సర్వీసులో దగ్గుందనడానికి ఆధారం ఏది? నా కాగితం నకలు జత చేశాం. కింద ఇంకో పేరా నా చేత్తో కలిపాను: ఇతను దగ్గుతో సిక్‌బేకి పంపమని నన్ను చాలాసార్లు అడిగాడు, పైవాణ్నిగా నేను నిరాకరించాను.

నన్ను ఎవరూ ఆపలేదు, అతన్ని పైవాడు ఆపాడు. తేడా అదే. నన్ను ముంచిన మాటే అతన్ని ఒడ్డుకి చేర్చింది. 1987లో అతనికి పెన్షన్ మంజూరైంది. కాబట్టి ఆ రోజు పులుసు కలుపుకుంటూ మాట్లాడినాయన సంగతిని తలకిందులుగా చెప్పాడు. అప్పలసూరి నాకు అన్యాయం చెయ్యలేదు. నేను చెయ్యబోయిన ఒక అన్యాయాన్ని ఆపాడు.

ఆర్డరు వచ్చిన రోజు వాళ్లింటికి వెళ్లాను. గోడకి మూడు తలగడలు పెట్టుకుని కూర్చున్నాడు, పడుకుంటే ఊపిరాడేది కాదు. అతని భార్య పైడమ్మ ఆ కవరు దేవుడి పటం ముందు పెట్టి బొట్టు కూడా పెట్టింది.

"నీది మళ్లీ ఎయ్యి బావా" అన్నాడు.

"నాది అయిపోయింది. వదిలెయ్."

"ఉడుకుమోతులా మాటాడకు." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మన బాయిలర్ గదిలో గోవిందు లేడూ, ఆడు మొన్నొచ్చినాడు. దగ్గుతన్నాడు. పొగ మానీరా అంటే మానినాను గాని పోలేదంటన్నాడు. ఆడికీ రాసియ్యి."

"రాస్తాను."

"ఆడొక్కడే కాదు. ఎవులొస్తే ఆడికి. మొకమాటపడకు. నీ గురించి తిట్టుకుంతారు, తిట్టుకోనీ."

"నువ్వు తిట్టలేదు కదరా."

"నానెప్పుడో తిట్టీసినాను బావా, ఓడలోనే. నీ ఎనకాల" అన్నాడు. నవ్వబోతే దగ్గొచ్చింది. పైడమ్మ వచ్చి వీపు రాసింది.

ఆ తర్వాత ఏడు నెలలే బతికాడు.

ఇది చదివేవాళ్లలో బాయిలర్ గదుల్లో పనిచేసినవాళ్లుంటే ఒకటే చెప్తాను. దగ్గుంటే ఆసుపత్రికెళ్లండి, వెళ్లినట్టు కాగితం తీసుకోండి. పెద్దవాళ్లు ఇంట్లో పెట్టే చిట్కాలు పెట్టనీండి, అవి తింటూనే వెళ్లండి. కరెంటు పెడతారంటే భయపడకండి, బతికినవాణ్ని నేనున్నాను. కాగితం వెనక్కి వస్తే ఊరుకోకండి, కానీ లేనిది రాయకండి. ఎవరైనా మిమ్మల్ని ఆపి ఉంటే వాళ్ల దగ్గరికే వెళ్లి అడగండి. నేను ఆపినవాళ్లు మాత్రం నా దగ్గరికి రండి.

పెదకర్మ అయిన వారానికి గోవిందు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు, ఓడలో నా ముందు నిలబడ్డట్టు. రత్నం కుర్చీ వేసింది. నేను కాగితం తీసి పేరూ, ఓడా, ఏళ్లూ రాసుకుని, దగ్గు ఎప్పుడు మొదలైందని అడిగాను.

"నీకు తెల్దేటి?" అన్నాడు.

తెలుసు. రాయడం మొదలుపెట్టాను.